ఐదో రేకు

మా వీధిలో మాది కాక లేసు అల్లే ఇళ్ళు పదకొండు. ఆ పదకొండు ఇళ్ళలో ఒక్కరంటే ఒక్కరు "సూర్యకళ దొంగ కాదు" అని నమ్మితే చాలనుకున్నాను. ఆస్తులడిగానా, అంతస్తులడిగానా? ఒక్క మనిషి. అదీ దక్కలేదు. ఎందుకు దక్కలేదో చెబుతాను. మధ్యలో ఒళ్ళు మండి నాలుగు మాటలు తూలితే ఏమనుకోకండి.

నరసాపురానికి ఆరు మైళ్ళ దూరంలో మా ఊరు. మగాళ్ళు పొలాలకి పోయాక ఆడవాళ్ళంతా అరుగుల మీద చేరి సూదీ దారం పట్టుకుంటారు. మేం అల్లే లేసు దేశాలు దాటి వెళ్ళి దొరల భోజనాల బల్లల మీద పరుచుకుంటుందట. చూసొచ్చినవాళ్ళు లేరు. ఒక మనిషి లేసు మొత్తం అల్లదు. ఇంటికో పువ్వు. ఒకరిది ఆరు రేకుల పువ్వు, ఒకరిది చక్రం, ఒకరిది జంట ఆకు. పువ్వులన్నీ చివరికి మా ఇంటికి వస్తాయి. మా అమ్మ మహాలక్ష్మమ్మది అతుకుపని. పువ్వుకీ పువ్వుకీ మధ్య దారం నడిపి, పదకొండు ఇళ్ళ పనినీ ఒక్క బల్లగుడ్డగా కలిపేది ఆవిడే.

ఒకరింటి పువ్వు ఇంకొకరు అల్లకూడదు. పంచాయతీ పెట్టి తీర్మానించిందేమీ కాదు, కానీ అల్లకూడదు. అల్లితే పక్కవాళ్ళ కంచంలో చెయ్యి పెట్టినట్టే. పెళ్ళై వెళ్ళే ఆడపిల్ల కూడా పుట్టింటి పువ్వు పుట్టింట్లోనే వదిలేసి, అత్తింటి పువ్వు నేర్చుకోవాల్సిందే. అన్ని పువ్వులూ చేతికి వచ్చేది అతుకుపని మనిషికే కాబట్టి ఆ పని నమ్మకమైనవాళ్ళకే ఇస్తారు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాన్న పోయాడు. పదిహేను రోజులు తిరక్కుండా వీధి వీధంతా కూడబలుక్కుని ఆ పని తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టారు. నేను కాలేజీ మొహం చూశానంటే ఆ పని వల్లే.

ఎదురింటి రత్నమాణిక్యం అత్త పువ్వు గురించి కూడా చెప్పాలి. చుట్టరికం ఏమీ లేదు, వీధి వరసకి అత్త. ఆవిడది ఎనిమిది రేకుల పువ్వు. ఐదో రేకులో ఒక గొలుసు కుట్టు ఎక్కువుంటుంది. ఆవిడ అత్తగారికి కళ్ళకి పొరలొచ్చిన రోజుల్లో లెక్క తప్పి అల్లింది, కోడలికీ అలాగే నేర్పింది. కోడలు పసిగట్టింది గానీ దిద్దలేదు. "అత్త చేసిన తప్పు దిద్దితే అత్తని తప్పు పట్టినట్టు కాదటే?" అనేది నాతో. ముసలావిడ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఐదో రేకు అలాగే ఉంది. బయటికి కనపడదు, పక్క కుట్టు బిగించేస్తే కలిసిపోతుంది. దారం విప్పుకుంటూ లెక్క పెడితే తప్ప ఎవరికీ తెలియదు.

2001లో నరసాపురంలో బీకాం పూర్తి చేశాను. ఫస్టు క్లాసు. ఇంగ్లీషు కూడా తడబడకుండా మాట్లాడేదాన్ని. ఏం లాభం? మూడు నెలలు ఉద్యోగం కోసం కాళ్ళరిగేలా తిరిగాను. రైసుమిల్లులో లెక్కలు రాసే పని ఉందంటే వెళ్ళాను. "ఆడపిల్లవి, లారీవాళ్ళతో ఏం వేగుతావమ్మా" అన్నాడు ఆసామి. పాలకొల్లులో ఒక ఆఫీసువాళ్ళు అనుభవం కావాలన్నారు. ఎవరూ ఉద్యోగం ఇవ్వకపోతే అనుభవం ఎక్కణ్ణించి వస్తుంది, చెట్టుకి కాస్తుందా?

అప్పుడొచ్చాడు హరిబాబు. మా లేసు కొని పై దేశాలకి పంపే నరసాపురం వ్యాపారి. తెల్ల చొక్కా, చేతిలో తాళాల గుత్తి, పెద్దవాళ్ళతో "అండి" లేకుండా మాట రాదు.

"చైనాలో ఓ కంపెనీ ఉందండి" అన్నాడు అమ్మతో. "మన లేసు తెప్పించుకుని బట్టల మీద కుట్టుకుంటారు. సరుకు బాగుందో లేదో చూసే మనిషి కావాలంట. ఆర్నెల్లే. డిగ్రీ ఉండాలి, ఇంగ్లీషు రావాలి, లేసు తెలిసుండాలి. మన అమ్మాయికి మూడూ ఉన్నాయి కదండీ."

అమ్మ చీపురు తిరగేస్తుందనుకున్నాను. పాలకొల్లులో సినిమాకే పంపని మనిషి. అలాంటిది "వెళ్ళనీండి బాబుగారూ" అంది, ఒక్క ప్రశ్నైనా వెయ్యకుండా. నేను ఎగిరి గంతేశాను. ఆ ప్రశ్నలు అప్పటికే వేసేసిందని నాకేం తెలుసు?

పాస్‌పోర్టు వచ్చేదాకా రోజూ మధ్యాహ్నం, వీధంతా కునుకు తీసే వేళకి, అమ్మ తలుపు గడియ పెట్టి నాకు పువ్వులు నేర్పింది. పదకొండూ. అమ్మకి పదకొండూ వచ్చని నాకు అప్పుడే తెలిసింది. ఒక్కొక్క పువ్వునీ కొసన పట్టుకుని విప్పి, మళ్ళీ అల్లి చూపించేది.

"అమ్మా, తప్పు కదే?" అన్నాను.

"అక్కడ సరుకులో ఓ పువ్వు ఊడిందనుకో, ఎవరు బాగుచేస్తారు? నువ్వే చెయ్యాలి. లెక్క తెలియకపోతే ఏం చేస్తావు? నేర్చుకో. ఎవరితోనూ అనకు."

బుద్ధిగా నేర్చుకున్నాను. ఐదో రేకులో గొలుసుతో సహా.

మద్రాసులో విమానం ఎక్కి, సింగపూర్‌లో మారి, హాంకాంగ్‌లో దిగి, అక్కణ్ణించి బస్సులో చైనాలో ఒక సముద్రపు ఒడ్డు ఊరికి చేరాను. ఆరుగురు అమ్మాయిల గదిలో ఒక మంచం ఇచ్చారు. మంచం పక్కన చిన్న బీరువా, దానికో తాళంచెవి. నవ్వకండి, పుట్టి బుద్ధెరిగాక నాదంటూ ఒక తాళంచెవి ఉండడం అదే మొదలు. దాన్ని తాడుకి కట్టి మెళ్ళో వేసుకు తిరిగాను. అన్నం ముద్దలు ముద్దలుగా, చప్పగా ఉండేది. నేను పట్టుకెళ్ళిన మాగాయ రుచి చూసి గదిలో పిల్లలు నీళ్ళకోసం పరుగో పరుగు. మెయ్‌లింగ్ అనే పిల్ల మాత్రం కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా ఇంకాస్త పెట్టమంది. ఆ క్షణం నుంచి అది నా నేస్తం. చలికాలం వచ్చేసరికి తన దూది కోటు నాకిచ్చి, తను అక్క కోటు తొడుక్కుంది. ఆదివారాలు ఇద్దరం సముద్రం ఒడ్డుకి వెళ్ళి వేయించిన వేరుశనక్కాయలు తింటూ కూర్చునేవాళ్ళం. దానికి నా భాష రాదు, నాకు దాని భాష రాదు. అయినా మాటలకేం తక్కువ లేదు. ఎవరి ఇంటి ఆడపిల్లనో, ఎవరి వీధి మనిషినో కాకుండా ఉత్త సూర్యకళగా బతికింది ఆ ఆర్నెల్లే. చాలా సంతోషంగా ఉన్నాను. అది దాచి ప్రయోజనం లేదు.

మొదటి రెండు వారాలు సరుకు చూశాను. మూడో వారం మేనేజరు నన్నొక పెద్ద హాల్లోకి తీసుకెళ్ళాడు. నలభై మంది ఆడపిల్లలు సూదులు పట్టుకుని వరసగా కూర్చున్నారు. రిపేరు పని నేర్పమన్నాడు. ఒక పువ్వు నేర్పాను. అది కాగానే రెండోది అన్నాడు. తర్వాత మూడోది.

ఆదివారం ఆదివారం అమ్మ నరసాపురం వెళ్ళి హరిబాబు ఆఫీసు ఫోనులో నాతో మాట్లాడేది. "అమ్మా, నలభై మందికి నేర్పమంటున్నారే. మన పువ్వులు. నాకేదో భయంగా ఉంది" అన్నాను.

"అడిగింది చెయ్యి. పెద్దవాళ్ళు ఏదో ఆలోచించే ఉంటారు. అన్నం సరిగ్గా తింటున్నావా?" అంది.

అమ్మే చెయ్యమన్నాక ఇంక భయమేమిటి? నేర్పాను. ఆ పిల్లలు నన్ను "లావోషీ" అని పిలిచేవాళ్ళు. టీచరుగారూ అని అర్థమట. ఆ పిలుపుకి పొంగిపోయాను. రైసుమిల్లువాడు పనికిరావన్న మనిషిని కదా! రత్నమాణిక్యం అత్త పువ్వు దగ్గర మెయ్‌లింగ్ వేలు పెట్టి, ఇక్కడ ఒకటి ఎక్కువెందుకని సైగ చేసింది. "మదరిన్‌లా" అన్నాను. మేనేజరు వాళ్ళ భాషలో చెప్పగానే హాలు హాలంతా గొల్లుమంది. అత్తలు అక్కడా అంతేనేమో. నవ్వు ఆగాక నలభై మందీ ఆ గొలుసు కూడా వేశారు. పదకొండు పువ్వులూ అయ్యాక అతుకుపని కూడా నేర్పి, ఫిబ్రవరిలో ఇంటికొచ్చాను.

వీధంతా నన్ను చూడ్డానికి వచ్చారు. ఇంటికో దువ్వెన తెచ్చాను. రత్నమాణిక్యం అత్త నా బుగ్గలు పుణికి "చిక్కిపోయావే తల్లీ, అక్కడ తిండి పెట్టలేదా" అని గారెలు చేసి పెట్టింది. ఆవిడ చేతి గారె తిన్న నోటితోనే చెబుతున్నాను, ఆవిడ మంచి మనిషి. అందుకే నాకు మరీ కష్టం.

ఏప్రిల్ మొదట్లో ఒక ఉదయం అబ్బులు వచ్చాడు. హరిబాబు తరఫున సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి సరుకు పోగుచేసుకెళ్ళే మనిషి. ఈసారి ఖాళీ సంచితో వచ్చాడు.

"ఇంక అల్లొద్దన్నారండి" అన్నాడు తల గోక్కుంటూ. "కొనేవాళ్ళు చైనా సరుకు తీసుకుంటున్నారంట. సగం ధరకే ఇస్తున్నారండి. నన్ను తిట్టకండమ్మా, ఇదిగో, చూపించమని ఇచ్చారు."

రత్నమాణిక్యం అత్త అరుగు మీద ఒక బల్లగుడ్డ పరిచాడు. అందరూ మూగారు. ఆరు రేకుల పువ్వుంది, చక్రముంది, జంట ఆకుంది. ఎవరి పువ్వు వాళ్ళు గుర్తుపట్టి నోరు తెరుచుకుని నిలబడ్డారు. రత్నమాణిక్యం అత్త మాత్రం ఒక పువ్వు కొస పట్టుకుని, దారం తెంపి, విప్పుకుంటూ కూర్చుంది. పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. ఐదో రేకు దగ్గర ఆగింది.

"ఇది మా అత్తదే" అంది. అంతే, చైనా వెళ్ళొచ్చిన నా వైపు చూసింది.

"ఎవరు చెప్పారే నీకు ఈ లెక్క?"

పదకొండు ఇళ్ళ ఆడవాళ్ళు నా మొహం చూశారు. నేను మా అమ్మ మొహం చూశాను. తలుపు గడియ పెట్టి నేర్పిన మనిషి అక్కడే ఉంది. రిపేరు పనికని మోసం చేశారమ్మా, నాకూ తెలియదు, నా పిల్లకీ తెలియదు అని ఒక్క మాటంటే చాలు. తిడతారు, ఏడుస్తారు, కానీ నమ్ముతారు.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా పక్కన కూర్చుని చూసి చూసి నేర్చేసుకుంది వదినా. చిన్నపిల్ల కదా, సరదా పడుతోందని ఊరుకున్నాను. పరాయిదేశం పోయి అమ్ముకుంటుందని కలగన్నానా?" అంది.

 అందరూ ఒక్కసారి నా మీద విరుచుకుపడ్డారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేదానా అని ఒకరు, చదువుకుంటే ఇంతే అని ఇంకొకరు. నేనిచ్చిన దువ్వెన నా మొహాన కొట్టింది పక్కింటి ఆవిడ. నా చేతిలో పువ్వు పెట్టిన అమ్మ వాళ్ళ మధ్య నిలబడి ఏడుస్తుంటే, వాళ్ళు ఆవిణ్ణే ఓదార్చారు.

అప్పుడు కూడా అమ్మని వెనకేసుకొచ్చాను, మనసులో. భయపడింది పాపం అనుకున్నాను. ఈ మోసమంతా హరిబాబుది. వాణ్ణి లాక్కొచ్చి వీధిలో నిలబెట్టి నిజం చెప్పిస్తే అమ్మకీ ధైర్యం వస్తుంది, నా మీద మచ్చా పోతుంది అనుకున్నాను. మర్నాడు తొలి బస్సుకే నరసాపురం వెళ్ళాను.

హరిబాబు నన్ను కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. నేను ముట్టుకోలేదు.

"మమ్మల్ని మోసం చేశారు మీరు. సరుకు చూసే పనని చెప్పి పంపారు" అన్నాను.

"నీకు అలా చెప్పమన్నది మీ అమ్మగారేనమ్మా" అన్నాడు, ఏమాత్రం తొణక్కుండా. "నేను ముందు ఆవిణ్ణే వెళ్ళమన్నాను. పువ్వులన్నీ నేర్పి రావాలి, ఇదీ పని అని విడమరిచి చెప్పాను. ఆవిడేమో నాకు ఇంగ్లీషు రాదు, మా అమ్మాయిని పంపుతాను, కానీ దానికి సంగతి తెలిస్తే వెళ్ళదు, నేనే అన్నీ నేర్పి పంపుతానన్నారు. నువ్వు తిరిగొచ్చాక హైదరాబాదులో ఉద్యోగం కూడా చూడమన్నారు. ఆయ్, చూశాను. మా తోడల్లుడి ఆఫీసులో. వచ్చే నెల చేరచ్చు."

"మరి ఇన్ని ఇళ్ళ పొట్టలు..."

"నేను వ్యాపారినమ్మా. అక్కడ కొన్నా ఇక్కడ కొన్నా నాకొకటే. నేను ఎవరికీ ఒట్టు పెట్టలేదు కదా."

బస్సులో తిరిగొస్తూ వాడు అబద్ధాలకోరు అని నాకు నేనే వందసార్లు చెప్పుకున్నాను. ఇంటికొచ్చేసరికి అమ్మ పీట మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట కళ్ళకి మరీ దగ్గరగా పెట్టుకుంది.

"హరిబాబు చెప్పింది నిజమేనా?" అన్నాను.

ఏం చెప్పాడని అడగలేదు. "నిజమే" అంది.

"ఎందుకు చేశావే?"

"ఎందుకేంటి? నాకు కళ్ళు పోతున్నాయి. రేపు ఈ అతుకుపని నీ ఒళ్ళో పెడతారు. నాకు పెట్టినట్టే, ప్రేమగానే పెడతారు. కాదనగలవా? నీ కళ్ళు కూడా పోయేదాకా ఇక్కడే అతుకుతూ కూర్చుంటావు. ఈ పని ఇవాళ కాకపోతే ఇంకో పదేళ్ళకి పోయేదే. అదేదో నువ్వు బాగుపడేలా పోనీ అనుకున్నాను."

"బాగానే ఉంది. మరి వాళ్ళందరి ముందు నన్నెందుకు దొంగని చేశావు?"

అమ్మ చేట కింద పెట్టింది. "నువ్వెలాగూ ఇక్కడ ఉండవు. హైదరాబాదు పోతావు, అక్కణ్ణించి ఇంకెక్కడికో పోతావు. వీళ్ళు తిట్టినా నీ చెవిన పడదు. నేను ఈ వీధిలో బతకాలే. రేపు జ్వరమొస్తే గంజి కాచి పోసేది వాళ్ళే. చస్తే నలుగురూ రావాలి. ఈ నింద నువ్వు మోస్తే తేలిపోతుంది, నేను మోస్తే చచ్చిపోతాను."

ఆవిడ చెప్పినదాంట్లో నాకు తప్పు దొరకలేదు. అందుకే ఇంకా మండింది. నా కోసం ఇంత చేసిందని ఒక పక్క, నన్నే అమ్మేసిందని ఒక పక్క.

"అందరికీ వద్దు. రత్నమాణిక్యం అత్తకి ఒక్కదానికి చెప్పు. గారెలు చేసి పెట్టిందే నాకు. ఆవిడొక్కతే నన్ను దొంగనుకోకపోతే చాలు, వెళ్ళిపోతాను" అన్నాను.

"చెప్పలేను."

"అయితే నేనే చెబుతాను."

విసురుగా వీధి దాటి ఎదురింటి అరుగెక్కాను. రత్నమాణిక్యం అత్త ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పొమ్మంటుందనుకున్నాను, అనలేదు. హరిబాబు రావడం దగ్గర్నుంచి తలుపు గడియ దాకా, ఫోనులో మాటల దాకా మొత్తం చెప్పాను. మధ్యలో ఏడుపొచ్చింది. ఆవిడ అడ్డు రాకుండా విన్నది.

"చూసి నేర్చుకుందంది మీ అమ్మ" అంది చివరికి, నెమ్మదిగా. "నిన్నట్నుంచీ నాకు అదే కొరుకుడు పడట్లేదు. చూస్తే తెలిసేది కాదే మా ఐదో రేకు. ఎవరో విప్పాలి. విప్పి నీకు చూపించాలి."

 నమ్ముతోంది! నా మాట నమ్ముతోంది!

"మహాలక్ష్మీ, ఓసారి ఇలా రా" అని కేకేసింది.

అమ్మ వచ్చి అరుగు కింద నిలబడింది. పక్క ఇళ్ళలోంచి తలలు బయటికొచ్చాయి.

"నిన్నొక్క మాట అడుగుతాను. నువ్వే నేర్పావా దీనికి?"

అమ్మ నా కళ్ళలోకి చూసింది. చెప్పెయ్యి అమ్మా అని నోరు తెరిచి అనలేదు గానీ, నా మొహంలో అదే ఉందని ఆవిడకి తెలుసు. అరుగెక్కి నా దగ్గరికొచ్చింది. కుడి చెయ్యి ఎత్తి నా నెత్తి మీద పెట్టింది.

"నా బిడ్డ మీద ఒట్టు వదినా. నేను నేర్పలేదు" అంది.

రత్నమాణిక్యం అత్త పెద్దగా ఊపిరి వదిలింది. "మహాతల్లివి, తల్లి మీద కూడా చెప్పడానికి నోరెలా వచ్చిందే నీకు?" అని నా వైపు వీపు పెట్టి కూర్చుంది. ఆవిణ్ణేమీ అనను. దొంగ ఒట్టు పెడితే బిడ్డ పోతుందని మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. కడుపున పుట్టినదాని నెత్తి మీద చెయ్యేసి ఏ తల్లి అబద్ధమాడుతుంది? ఆవిడ స్థానంలో ఉంటే నేనూ మా అమ్మనే నమ్మేదాన్ని.